చేతబడి, టారో, ప్రశ్న, తంత్రం అన్నీ ఒకే మూట కట్టి అడిగావు, ముడి విప్పి చెప్తా

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. అమలాపురం పక్కన ఊరు, హైదరాబాదులో ఉద్యోగం, జోస్యానికి వాడే బొమ్మల ముక్కలు, టారో కార్డులు తెప్పించుకున్నావు, అవి ఇంట్లో ఉంటే దరిద్రం అవతల పారెయ్యమని మీ మామ్మగారు గొడవ. ఈలోగా మీ కొబ్బరి తోటలో మట్టలు నల్లబడిపోయాయి, కాయల దింపు తగ్గిపోయింది, గట్టు మీద నిమ్మకాయలూ కుంకుమా కనపడ్డాయి, ఎవరో ఆన్‌లైన్ గురువు తోట ఫోటో చూసి "మీ రక్తసంబంధంలో ఒక ఆడమనిషి చేయించింది" అని విరుగుడుకి 21 వేలు అడిగాడు, అప్పట్నించీ ఇంట్లో అందరి చూపూ మీ పెద్దమ్మగారి మీదే ఉంది. ఇదంతా చెప్పి చివర్లో అసలు అకల్ట్, అంటే ఈ గుప్త విద్యలు అనేది నిజమా అబద్ధమా, నేర్చుకోవాలంటే ఎక్కణ్ణించి మొదలెట్టాలి అని అడిగావు.

నా సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా, దాన్నిబట్టి నా మాటకి ఎంత విలువ ఇవ్వాలో నువ్వే చూసుకో. మా ఇంట్లో పంచాంగం గుణించడం తాతల నాటి పని, నేను జాతకాలూ, ప్రశ్నా (అడిగిన నిమిషానికి లగ్నం వేసి చెప్పేది) చూస్తాను, అమ్మవారి ఉపాసన ఉంది, పడమటి వాళ్ళ పుస్తకాలు కూడా పిచ్చి పట్టినట్టు చదివిన రోజులున్నాయి. కాబట్టి నేను హేతువాదిని కాను, అలాగని కనపడిందల్లా నమ్మేవాణ్ణీ కాదు.

ముందు తోట, ఎందుకంటే మిగతావి ఆగుతాయి అది ఆగదు. నల్లబడ్డ మట్ట ఒకటి కోయించి ఆకు తిరగేసి చూడు. అడుగున తెల్లటి మైనం లాంటిది సుడులు సుడులుగా ఉంటే అది సర్పిలాకార తెల్లదోమ. మన దేశంలో 2016లో తమిళనాడు పొల్లాచ్చి వైపు బయటపడింది, తర్వాత కేరళ, మన గోదావరి జిల్లాలు, కడియం నర్సరీలు దేన్నీ వదల్లేదు. అది ఆకు రసం పీల్చి జిగురు వదుల్తుంది, ఆ జిగురు కింద ఆకుల మీద పడుతుంది, దానికి నల్ల బూజు పడుతుంది, చెట్ల మధ్యలో అరటి వేస్తే ఆ ఆకులూ మసి పూసుకున్నట్టే ఉంటాయి. వేలితో గట్టిగా రుద్దు, నలుపు ఊడొచ్చి కింద పచ్చగా కనపడుతుంది. అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం వాళ్ళు దీని మీద చాలా పని చేశారు, మిత్ర పురుగులూ, దోమకి తెగులు పుట్టించే శిలీంధ్రమూ వాళ్ళ దగ్గర పెంచుతారు, వెళ్ళి అడగండి. ఎవరో చెప్పారని ఘాటు మందులు కొట్టించకండి, ముందు చచ్చేది ఆ మిత్ర పురుగులే. దింపు తగ్గడానికి ఇదొక్కటే కారణం అని కూడా నేను అనను, ఇవాళ దింపే కాయ దాదాపు ఏడాది కిందట పూతలో ఉన్నది, అప్పుడు నీళ్ళు సరిగ్గా అందాయో లేదో మీ నాన్నగారికి గుర్తుంటుంది.

నిమ్మకాయలు అంటావా, గట్టు పక్కనే కాలవా, పుంతా (బండి దారి) ఉన్నాయని నువ్వే రాశావు కదా. మన వైపు దిష్టి తీసింది ఎక్కడ పడేస్తారు? మూడు దార్లు కలిసే చోటో, పారే నీళ్ళలోనో. ఎవరి పిల్లకి జ్వరం వచ్చి తీశారో ఏమో, అది మీ గట్టు మీద పడింది.

ఇప్పుడు ఆ గురువు. వాడు చెప్పిన వాక్యం మళ్ళీ చదువు, అందులో పేరుందా? లేదు. "రక్తసంబంధంలో ఆడమనిషి" అన్నాడు అంతే. భూమి పంపకం జరిగిన ఏ ఇంట్లో చూసినా మాటల్లేని ఒక పెద్దమ్మో మేనత్తో ఉంటుంది, పేరు పూరించింది మీరే, వాడు ఖాళీ వదిలాడు. ఇందులో దివ్యదృష్టి ఏం అక్కర్లేదు, ఫోన్లో మీ అమ్మగారి గొంతు ఎక్కడ ఆగిందో వింటే చాలు. ఇక్కడ నా లెక్క ఒకటే, ఏ శాస్త్రం పేరు చెప్పినా సరే, ఏ గుళ్ళో కూచున్నవాడైనా సరే, నీ కష్టానికి కారణం ఫలానా మనిషి అని పేరో వరసో చెప్పిన క్షణం అక్కణ్ణించి లేచొచ్చెయ్. ఇది మర్యాద కోసం చెప్పట్లేదు, మన ఏజెన్సీలో చిల్లంగి అంటారు, తెలంగాణ వైపు బాణామతి అంటారు, పేరేదైనా ఆ అనుమానంతో మనుషుల్ని చంపేస్తున్నారు, దేశం మొత్తం మీద ప్రతి ఏడూ వేసే నేరాల లెక్కల్లో మంత్రగత్తె అన్న అనుమానంతో జరిగిన హత్యలకి ఒక వరుస వేరేగా ఉంటుంది, చచ్చేది ఎక్కువగా దిక్కులేని ముసలమ్మలు, ఒంటరి ఆడవాళ్ళు. మహారాష్ట్రలో 2013లో చేతబడి లాంటి వాటి మీద చట్టం చేసినప్పుడు ఫలానా మనిషి చేతబడి చేస్తోందని ప్రచారం చెయ్యడాన్ని కూడా నేరాల్లో పెట్టారు, నా దృష్టిలో ఆ చట్టంలో గట్టి ముక్క అదే.

మరి చేతబడి పని చేస్తుందా అంటే, వెంట్రుకలూ గోళ్ళూ పాదం కింద మట్టీ తీసుకెళ్ళి చేసే తంతు ప్రపంచమంతా ఇలాగే ఉంది, ఒకసారి ఒంటిని అంటుకున్న వస్తువు తర్వాత కూడా ఆ మనిషితో ముడిపడే ఉంటుందనే ఊహ ఇది, ఫ్రేజర్ అనే ఆయన 1890లోనే ఇలాంటివన్నీ పోగేసి చూపించాడు. వస్తువు వల్ల ఏమీ కాదు. భయం వల్ల మాత్రం అవుతుంది. వాల్టర్ కానన్ అని అమెరికన్ శరీరధర్మ శాస్త్రవేత్త 1942లో దీని గురించే రాశాడు, తనకి శాపం పెట్టారని గట్టిగా నమ్మినవాడి ఒళ్ళు ఆ భయానికే ఎలా కుప్పకూలుతుందో అని. తిండి మానేస్తాడు, నిద్రపోడు, చుట్టూ ఉన్నవాళ్ళు కూడా వాణ్ణి సగం పోయినవాడిలాగే చూస్తారు. అందుకే నేను "అదంతా మూఢనమ్మకం పోవోయ్" అని కొట్టి పారెయ్యను, వచ్చిన జబ్బు నిజమే, దాని కారణం వేరే.

ఇక్కడే మన ఆడవాళ్ళ తెలివి చూడు. దిష్టి తీసేటప్పుడు ఏమంటారు? ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, దారిన పోయేవాళ్ళ దిష్టి, కన్నతల్లి దిష్టి, నా దిష్టి, అన్నీ పోవాలి అంటారు. అందర్నీ కలిపేశారు, తీసే మనిషి తనని కూడా కలుపుకుంది, ఇంక నింద ఎవరి మీద పడుతుంది? ఎవరి మీదా పడదు. ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో పడ్డాయి, పిల్లాడి గుండె కుదుటపడింది, పక్కింటావిడతో మాటలు పోలేదు. ఎన్ని తంత్ర గ్రంథాలు చదివినా ఇంత శుభ్రమైన విరుగుడు నాకు కనపడలేదు. ఆ 21 వేల గురువు చేసింది దీనికి సరిగ్గా ఎదురు.

సరే, టారో. మీ మామ్మగారి భయం నాకర్థమైంది గానీ ఆ కార్డుల చరిత్ర చెప్తే ఆవిడ ఇంకో కారణంతో పారెయ్యమంటారు, ఎందుకంటే అవి మొదట పేకాట ముక్కలు. 15వ శతాబ్దంలో ఉత్తర ఇటలీలో జమీందార్ల ఇళ్ళల్లో ఆడుకున్న ఆట. సంక్రాంతి మూడు రోజులూ పేక కలపని వీధి లేని మన జిల్లాలో వాటికి భయపడ్డం ఏంటో. 1781లో ఫ్రాన్సులో కూర్ ద జెబలాఁ అనే పండితుడు ఇది ప్రాచీన ఈజిప్టు పూజార్ల రహస్య గ్రంథం అని రాసి పడేశాడు, అప్పటికి ఈజిప్టు లిపి ఒక్కడికి కూడా చదవడం రాదు, షాంపోలియన్ దాని గుట్టు విప్పింది 1822లో. అయినా ఆ కథ నిలబడిపోయింది, అక్కణ్ణించే జోస్యానికి ఊపు వచ్చింది. నీ దగ్గరున్న బొమ్మలు బహుశా 1909లో లండన్‌లో వచ్చిన వరసవి, వెయిట్ అనే ఆయన చెప్తే పమేలా కోల్మన్ స్మిత్ అనే ఆవిడ గీసింది, పాపం ఆవిడ పేరు పెట్టె మీద కూడా ఉండేది కాదు చాలాకాలం. అస్థిపంజరం గుర్రమెక్కి వచ్చే కార్డు చావు కాదు, ఒక దశ అయిపోయి ఇంకోటి మొదలవ్వడం అని వాళ్ళ సంప్రదాయంలోనే చెప్తారు. దాంట్లో దెయ్యమూ లేదు దేవుడూ లేడు, 78 బొమ్మలున్నాయి. బొమ్మ చూసి నీకేం తోచిందో అది నీ మనసులోది, అంతవరకు వాడుకుంటే ఉపయోగమే.

హాస్టళ్ళలో రూపాయి బిళ్ళ మీద వేళ్ళు పెట్టి ఆత్మల్ని పిలుస్తారే, అది కూడా ఇంతే. దానికి పెట్టే వీజా బోర్డు, అంటే అక్షరాలు రాసిన పలక, 1891లో అమెరికాలో పేటెంటు తీసుకున్న ఆటబొమ్మ. అంతకుముందే 1853లో మైఖేల్ ఫారడే, అదే కరెంటు ఫారడే, చుట్టూ కూచుని చేతులు పెడితే బల్ల దానంతటదే కదుల్తోందని జనం అంటుంటే చిన్న పరికరం పెట్టి చూసి, బల్ల చేతుల్ని లాగట్లేదు చేతులే బల్లని తోస్తున్నాయి, తోసేవాడికి తెలీకుండానే అని తేల్చాడు. ఆడుకోండి, రాత్రి ఒంటిగంటకి మాత్రం ఆడకండి, పొద్దున పరీక్ష పోతుంది.

ఇక జోస్యం. దొంగతనం జరిగితే వేసే అంజనం చూశావా ఎప్పుడైనా? తమలపాకు మీదో బొటనవేలి గోరు మీదో నల్ల కాటుక రాసి చిన్నపిల్లల్ని చూడమంటారు, పక్కన ఉన్నవాడు మంత్రం చదువుతూ "ఎవరు కనపడుతున్నారు, ఏ చొక్కా వేసుకున్నాడు" అని అడుగుతుంటాడు. ఇదేదో మన ఊరి వింత అనుకుంటాం గానీ, కైరోలో పిల్లవాడి అరచేతిలో సిరా పోసి ఇదే పని చెయ్యడాన్ని 1836లోనే ఒక ఇంగ్లీషాయన రాసి పెట్టాడు, ఎలిజబెత్ రాణి కాలంలో జాన్ డీ అనే గణిత పండితుడు నల్లరాతి అద్దం, స్ఫటికం పెట్టుకుని కూచుంటే చూసేవాడు కెల్లీ అని వేరే మనిషి. అంతా ఒకటే పద్ధతి, అడిగేవాడు ఒకడు, చూసేవాడు ఒకడు. చూసేవాడికి నిజంగానే కనపడుతుంది, అబద్ధం ఆడట్లేదు. కాపుటో అనే ఇటలీ మనస్తత్వ శాస్త్రవేత్త 2010లో మసక వెలుతుర్లో జనాన్ని అద్దం ముందు కూచోబెట్టి చూశాడు, ఒక నిమిషం తిరక్కుండానే తన మొహమే వేరేగా మారిపోతుందని చాలామంది, చచ్చిపోయినవాళ్ళ మొహంగానో జంతువుగానో కనపడిందని కొంతమంది చెప్పారు. మెదడు చేసే పని అది. కనపడ్డానికి పేరు పెట్టేది మాత్రం పక్కన కూచుని అడిగేవాడు, దొంగ ఎవరో తేలేది అక్కడ. మళ్ళీ పేరు దగ్గరకే వచ్చాం చూడు.

సోదెమ్మని మాత్రం నేను తక్కువ చేసి మాట్లాడను. బుట్టా కర్రా పెట్టుకుని ఊళ్ళో అమ్మవార్లందర్నీ పిలిచి చెయ్యి పట్టుకుని చెప్తుంది, మనిషిని చదవడంలో ఆవిడ ముందు మన డిగ్రీలు దేనికీ పనికిరావు. నీ జవాబులోంచే నీకు జవాబు తీస్తుంది. అందరికీ సరిపోయే మాట ఎవరికి వాళ్ళకి తమ గురించే చెప్పినట్టు ఉంటుంది, 1948లో ఫోరర్ అనే ప్రొఫెసర్ క్లాసులో అందరికీ ఒకే కాగితం ఇచ్చి ఇది నీ ఒక్కడి వ్యక్తిత్వం అని చెప్తే, 5కి సగటున 4.26 మార్కులు వేశారు పిల్లలు. ఆ కాగితం జోస్యం పుస్తకంలోంచి ఎత్తి రాసిందే.

మా జ్యోతిషానికి కూడా పరీక్ష జరిగింది, దాచడం దేనికి. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ గారు 2008లో పుణెలో చేయించారు, సగం బాగా చదివే పిల్లల జాతకాలు, సగం మానసిక ఎదుగుదల లేని పిల్లలవి, ఏది ఎవరిదో చెప్పమన్నారు. చివరిదాకా నిలబడి జవాబులు పంపిన 27 మంది జ్యోతిష్కులవి సగటున 46 శాతం కరెక్టు. నాణెం ఎగరేసినా 50 వస్తుంది. దీనికి మా వాళ్ళు రకరకాల సాకులు చెప్తారు, నాకు ఒక్కటీ ఒప్పుదల కాలేదు.

మరి నువ్వెందుకయ్యా చూస్తావు అంటావు. చెప్తా. మా అరుగు మీదకి వచ్చేవాడు "అబ్బాయి గల్ఫ్ వెళ్తే కలిసొస్తుందా" అంటాడు. నేను ఆ నిమిషానికి లగ్నం వేసి పన్నెండు భావాలూ, అంటే ఇళ్ళు, వరసగా తీస్తాను. రెండో ఇల్లు ధనం, చేతిలో ఎంతుంది? నాలుగు తల్లి, ఇల్లు, ఆవిడ ఒప్పుకుందా? ఆరు రుణం, రోగం, శత్రువు, ఏజెంటుకి కట్టేది ఎక్కడ తెస్తున్నారు, వడ్డీ ఎంత? ఏడు, కుర్రాడికి పెళ్ళయిందా, కొత్త కోడలు ఏమంటోంది? పన్నెండు వ్యయం, దూరదేశం. ఆరో ఇంటి దగ్గరకి వచ్చేసరికి పెద్దమనిషి తల దించేసుకుంటాడు, అసలు ప్రశ్న గల్ఫ్ కాదు, ఎకరం తాకట్టు పెట్టాలా వద్దా అన్నది. ఇంట్లో ఎవరితోనూ అనలేని మాట గ్రహాల మీద పెట్టి నాతో అనగలుగుతాడు. నేను వాళ్ళ భవిష్యత్తు చెప్పట్లేదు, వాళ్ళ ప్రశ్న వాళ్ళకి తీసి చూపిస్తున్నా. తోటి జ్యోతిష్కులు కొంతమందికి ఈ మాట నచ్చదు, వాళ్ళిష్టం. వెళ్ళేటప్పుడు మనసు బరువు దిగడానికి మందపల్లిలో శని త్రయోదశికి నువ్వుల నూనె అభిషేకం చేయించుకో అంటాను, ఖర్చు తక్కువ, తిట్టుకోవాల్సింది గ్రహాన్ని, చుట్టాన్ని కాదు.

తంత్రం గురించి నువ్వు రాసినవన్నీ సినిమాల్లో చూసినవే, పుర్రెలు, శ్మశానం, సారా. కౌళం అనే తంత్ర శాఖలో అలాంటి ఆచారాలు లేకపోలేదు, అబద్ధం చెప్పను. కానీ మీ మామ్మగారు శుక్రవారం లలితా సహస్రనామం చదువుతారు కదా, అందులో "మహాతంత్రా మహామంత్రా మహాయంత్రా మహాసనా" అని వస్తుంది, కౌళినీ అనీ వస్తుంది, సమయాచారతత్పరా అనీ వస్తుంది, రెండూ తంత్ర మార్గాల మీద వచ్చిన పేర్లే. ఆవిడ ప్రతి వారం చదివేది తాంత్రిక స్తోత్రమే, ద్రాక్షారామం మాణిక్యాంబ గుళ్ళో కుంకుమ పూజ చేయించినప్పుడు నిలబడ్డదీ ఆ దారిలోనే. తంత్రంలో చెప్పే ఆరు పనుల్ని షట్కర్మలు అంటారే, వశీకరణం, స్తంభనం, విద్వేషణం, ఉచ్చాటనం, మారణం, రీల్స్‌లో ఇవే అమ్ముతారు, వరసలో మొదటిది శాంతి, దాన్ని ఎవడూ అమ్మడు. పైగా వాళ్ళ గ్రంథాల లెక్క ప్రకారమే చూద్దాం, మంత్రం సిద్ధించాలంటే పురశ్చరణ ఉంది, మామూలుగా చెప్పే లెక్క అక్షరానికి లక్ష జపం, అందులో పదోవంతు హోమం, దాంట్లో పదోవంతు తర్పణం, అలా దిగుతూ మార్జనం, అన్నదానం. పదిహేనక్షరాల పంచదశి మంత్రం అయితే 15 లక్షలు. మూడు రోజుల్లో పనయిపోతుంది అనేవాడు నీ నమ్మకాన్నే కాదు తన శాస్త్రాన్ని కూడా మోసం చేస్తున్నట్టే. ఒంట్లో ఉన్నాయనే చక్రాలకి ఇంద్రధనుస్సు రంగులు వేసి అమ్మే కోర్సులు కూడా అలాంటివే, ఆ వరస పోయిన శతాబ్దంలో పడమట తయారైంది, మన గ్రంథాల్లో రేకుల లెక్క, అక్షరాలు, రంగులు వేరేగా ఉంటాయి.

నువ్వు చదువుతున్న పడమటి మంత్రవిద్య (మ్యాజిక్) పుస్తకాల వెనక ఉన్నది 1888లో లండన్‌లో పెట్టిన గోల్డెన్ డాన్ అనే సంఘం, కవి యేట్స్ కూడా అందులో ఉన్నాడు, తర్వాత అందులోంచే వచ్చిన క్రౌలీ అనే ఇంగ్లీషు మాంత్రికుడు. మనిషిగా క్రౌలీ దగ్గర నేర్చుకోవాల్సింది పెద్దగా లేదు, ఒక్క అలవాటు తప్ప. చేసిన ప్రతిదీ తేదీ, టైము, వాతావరణం, ఒంటి పరిస్థితితో సహా డైరీలో రాయమంటాడు. అది తీసుకో. టారో వేసినప్పుడు ఏమొచ్చింది, నువ్వేం అనుకున్నావు రాసి పెట్టి ఆర్నెల్ల తర్వాత తియ్యి, కలిసినవే కాదు కలవనివి కూడా లెక్కపెట్టు.

మన వైపు నించి మొదలెట్టాలంటే పంచాంగం చదవడం నేర్చుకో. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య దూరం 12 డిగ్రీలు పెరగడానికి పట్టే కాలం, నక్షత్రం అంటే చంద్రుడి దారిలో 13 డిగ్రీల 20 నిమిషాల ముక్క (ఈ నిమిషం డిగ్రీలో అరవయ్యో వంతు, గడియారంది కాదు), ఇవి లెక్కలు, వీటికి నమ్మకం అక్కర్లేదు. ఒక్కో ఏడు పండగ రెండు రోజుల్లో ఏ రోజో తేలక ఎందుకు కొట్టుకుంటారో, ఆకాశంలో కనపడేదానికి సరిపోయేలా చేసే దృక్ గణితానికీ, పాత గ్రంథం సూర్యసిద్ధాంతం లెక్కకీ తేడా ఎక్కడ వస్తుందో, గురుడు సింహంలోకి వస్తే గోదావరి పుష్కరాలు 2015 తర్వాత 2027లోనే ఎందుకో అప్పుడు నీకే తెలుస్తుంది. ఫలితాల జోలికి తర్వాత వెళ్దువుగాని.

ఆ 21 వేలు కట్టేశావో లేదో నువ్వు రాయలేదు. కట్టకపోతే నంబరు బ్లాక్ చెయ్యి, భయపెట్టే మెసేజీలు వస్తే చెరిపెయ్యకుండా స్క్రీన్‌షాట్లు తీసి ఉంచు. కట్టేసి ఉంటే ఇవాళే 1930కి ఫోన్ చేసి సైబర్ క్రైమ్ కంప్లైంట్ ఇవ్వు, ఎంత తొందరగా చెప్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. పూజ మధ్యలో ఆపితే ప్రాణం మీదకి వస్తుందని వాడు కచ్చితంగా అంటాడు, అది కూడా కంప్లైంట్లో రాయించు. మీ పెద్దమ్మగారి దగ్గరకి తెల్లదోమ సంగతి అడిగే వంకతోనైనా వెళ్ళు, వాళ్ళ తోటా పక్కనే కదా, వాళ్ళ మట్టలూ ఈపాటికి నల్లబడే ఉంటాయి.